కూజా మీద గ్లాసు

"అదంతా అబద్ధం సామీ. మా హాస్టల్లో అందరికీ గ్లాసుతోనే నీళ్లిస్తాండాం" అని బొజ్జన్న బోనులో నిలబడి చెప్పేశాడు.

కర్నూలు మున్సిఫు కోర్టులో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ జీవమ్మ ఆ మాటకు తలెత్తి బోను వైపు చూసింది. మాలపల్లె నుంచి వచ్చినవాడని ఆమె కొడుకు గాబ్రియేలును హాస్టల్లో గ్లాసు ముట్టనివ్వరు. దోసిలి పట్టమని పైనుంచి పోస్తారు. అందుకే వాడు కాలేజీ మీద దావా వేశాడు. ఓడిపోతే పేరు కొట్టేస్తామని వార్డెను ముందే బెదిరించాడు. తోటి పిల్లలెవరూ సాక్ష్యానికి రాలేదు. నిజం తెలిసినవాడు నీళ్లు పోసే ముసలి బొజ్జన్న ఒక్కడే. ఆయన కాస్తా వార్డెను పక్షాన వచ్చాడు.

"ఆ చేత్తోనే గదప్పా నా బిడ్డకు పోసింది" అని జీవమ్మ గొణుక్కుంది.

గాబ్రియేలుకు వకీలు లేడు. తన వాదన తనదే.

"సాక్షిని ఏమైనా అడుగుతావా?" అన్నాడు మున్సిఫు.

"అడిగేదేం లేదయ్యా. నోరు ఎండుకపోతాండాది. గుక్కెడు నీళ్లిప్పించండి."

వార్డెను మీసం చాటున నవ్వుకున్నాడు. మున్సిఫు బొజ్జన్న వైపు చూశాడు.

"కూజా నీ పక్కనే ఉంది గదా. ఇవ్వు."

కూజా మూతి మీద గ్లాసు బోర్లించి ఉంది. బొజ్జన్న దాన్ని తీసి పక్కన పెట్టాడు. కూజాను భుజం దాకా ఎత్తాడు. గాబ్రియేలు వంగి దోసిలి పట్టాడు. నీళ్లు పైనుంచి ధారగా పడ్డాయి.

 మున్సిఫు చాలాసేపు ఏదో రాసుకున్నాడు.

"తీర్పు సోమవారం. అందాకా ఈ పిల్లవాడి పేరు కొట్టేయడానికి వీల్లేదు. ఈ పూట నుంచే గ్లాసు ఇవ్వండి."

బయట మెట్ల మీద వార్డెను బొజ్జన్నకు అడ్డం వచ్చాడు. "ఎంత పని చేస్తివిరా."

"పదేండ్ల అలవాటు సామీ. నేర్పింది మీరే. ఇప్పుడు చెయ్యి నా మాట యాడ వింటాది?"

వార్డెను విసవిసా మెట్లు దిగిపోయాడు.

జీవమ్మ కొడుకు తడిచేతులను కొంగుతో తుడిచింది. "సమయానికి దేవుడే నీకు దప్పి పుట్టించినాడు నాయనా. లేకుంటే ఆ ముసలాయన గుట్టు బయటపడునా?"

గాబ్రియేలు నవ్వాడు. "నాకు దప్పి యాడిదిమ్మా? కోర్టులో నీళ్లడుగు, మిగతాది నేను చూసుకుంటానని నిన్న చర్చి కాడికొచ్చి బొజ్జన్నే చెప్పిపాయ."