ఎల్లయ్య ఇంట్లో ఎందరు?

“కొడుకులు... ఎవ్వరు లేరు,” అని నర్సింలు కాగితం మీంచి వేలు తీశాడు.

“సక్కగ సదువుర! నువ్వు సదివేది ఉర్దూనా, ఉరితాడా? కొడుకే లేకుంటె మా తాత యాడికెల్లి వచ్చిండు?”

సదానందం కేక జెద్దాలోని షరఫియా వీధి చివరిదాకా వినిపించింది. నిజాం నాటి జనాభా లెక్కల పుటను తమ్ముడు ఊరి నుంచి పంపాడు. ముత్తాత ఎల్లయ్య ఎంత పెద్ద రైతో జెద్దా అంతా చాటాలని ఈయన ఆశ.

“రెండెకరాలు, రెండెడ్లు, ఒక భార్య. గంతే రాసిండ్రన్నా.”

“ఎడ్లను లెక్కవెట్టి, కన్నకొడుకును లెక్కచెయ్యలేదా? ఎంత అబద్ధాలకోరు!”

“లెక్కలకెక్కితె దొర వెట్టికి గుంజుకపోతడని దాసిండు కావొచ్చు.”

“అయితె పిరికోడు! వంశోద్ధారకుణ్ని వంశంలకెల్లే ఎత్తేసిండు!”

అంతలో తలుపు చప్పుడైంది. కన్నంలోంచి చూస్తే, మెడలో కార్డు, చేతిలో ఫారాలు. సౌదీ వాళ్ల 2004 జనాభా లెక్కలు రాసే అధికారి!

 వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గర నుంచి పారిపోయి వచ్చిన నర్సింలుకు ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, లేదు. దొరికితే జైలే. గబుక్కున మంచం కిందికి దూరాడు.

సదానందం తలుపు తీశాడు.

“ఇంట్లో ఎంతమంది?” అని అధికారి అరబ్బీలో అడిగాడు.

“వాహిద్,” అని సదానందం ఒక వేలు చూపించాడు. “నేనొక్కణ్నే.”

అధికారి రాసుకుని వెళ్లిపోయాడు. సదానందం గడియ పెట్టి, మంచం మీది కాగితం తీసి కళ్లకద్దుకున్నాడు.

“పోయిండా అన్నా?”

“పోయిండు,” అన్నాడు సదానందం, మొదటిసారి మెల్లగా. “ఇగ బయటికి రా, తాతా.”