బస్సు కింద కళ్లజోడు

ఆ రోజు గురకాయన కళ్లజోడు నిజంగానే పోయిందా?

ఈ సందేహం టైలరును ఏళ్ల తరబడి తొలుస్తూనే ఉంది. బస్సును ఆపింది దేవుడేనంటుంది భార్య. దేవుణ్ణి టైలరూ నమ్ముతాడు. ఏ చేత్తో ఆపాడన్నదే తేలలేదు.

పరాయి దేశం. కొండ మీద పాతనగరం శిథిలాలు. టూరు బస్సు తిరుగు ప్రయాణానికి సిద్ధమైంది.

విరిగిన విగ్రహానికి ఒక్క దణ్ణం పెట్టుకొస్తానని వెళ్లిన భార్య తిరిగి రాలేదు.

టైలరు గైడును బతిమాలాడు. చీకటి పడితే కొండదారి మూసేస్తారనీ, పది నిమిషాలు చూసి బయల్దేరతాననీ గైడు తేల్చేశాడు.

టైలరు గోడల మధ్య పరుగెత్తాడు. పేరు పెట్టి అరిచాడు. ప్రతి సందూ ఒకేలా ఉంది. ఆమెకు అక్కడి భాష ఒక్క ముక్క రాదు. ఆమె గుండె మాత్రలు తన జేబులో ఉన్నాయి.

కింద హారన్ మోగింది. మళ్లీ మోగింది. తర్వాత మోగడం మానేసింది.

చివరికి కూలిన మెట్ల పక్కన ఏడుస్తూ కనిపించింది. చెయ్యి పట్టుకుని దిగాడు. బస్సు మీద ఆశ లేదు.

బస్సు అక్కడే ఉంది.

దారంతా వెనక సీట్లో గురక పెట్టి అందరి చేతా చీవాట్లు తిన్న ముసలాయన, చక్రాల మధ్య బోర్లా పడుకుని ఉన్నాడు.

"కళ్లజోడు పడిపోయిందట. ఎంత పిలిచినా బయటికి రాడు," అన్నాడు డ్రైవరు.

"బుద్ధుందా పెద్దాయనా? ఇంతమందిని ఆపుతారా?" టైలరూ అందరితో గొంతు కలిపాడు. తమ ఆలస్యం అందులో కలిసిపోయింది.

"దొరికింది లెండి," అంటూ దుమ్ము దులుపుకుని ఎక్కాడు గురకాయన. ఊరు రాగానే ఎవరికీ చెప్పకుండా దిగిపోయాడు.

ఏళ్లు గడిచాయి. ఇంకో దేశం, ఇంకో శిథిలనగరం. తప్పిపోయిన తండ్రిని వెతుకుతూ ఒకమ్మాయి కోటలోకి పరుగెత్తింది. గైడు గడియారం చూసుకుని, ఇక బస్సు పోనిమ్మన్నాడు.

టైలరు గబగబా దిగి బస్సు కింద దూరాడు.

"నా కళ్లజోడు పడిపోయింది."

"మీ జేబులోనే ఉంది కదండీ," అంది భార్య కిటికీలోంచి.

"అది వేరే జోడు. నువ్వు ఊరుకో."

ముసలితనంలో ఈ టూర్లెందుకని ఎవరో సణిగారు. ఇంకెవరో ఇంకాస్త గట్టిగానే అన్నారు. టైలరు ఆ మాటలన్నీ పడ్డాడు. నేలకు చెంప ఆనించాడు. అక్కడినుంచి కోటదారి మొత్తం కనిపిస్తోంది. దూరంగా రెండు కాళ్లు తొందరపడుతూ, రెండు ఈడ్చుకుంటూ వస్తున్నాయి.

అవి బస్సు మెట్టెక్కేదాకా ఆగి, "దొరికింది లెండి," అంటూ బయటికి పాకుతుంటే తెలిసింది టైలరుకు: ఆ రోజు గురకాయన నేలకు చెంప ఆనించి వెతికింది కళ్లజోడును కాదు, తమ నాలుగు కాళ్లను.