వేంపల్లెలో ఉన్న మిషను

జీవమ్మ సంచిలో రెండు చీరలు, దుప్పటి, బైబిలు పెట్టింది. కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయించుకోవడానికి పొద్దుటి బస్సుకు రాయవేలూరు పోతోంది. సంచి మూయకముందే మొగుడు దావీదురాజు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆమె ఇచ్చిన కార్డు అతని చేతిలో ఉంది.

"ఏందే ఇది? ఇంటి ఖర్చుకు డబ్బులియ్యమంటే అట్టముక్క ఇస్తాండావు?"

"బ్యాంకు కార్డు. మనం ఎంతేస్తే అందులో అంతే ఉంటాది. పాస్టరయ్య దగ్గర దాచిన నా పొదుపులోంచి శనివారం శనివారం ఆయనే ఐదొందలు వేస్తాడు. వేంపల్లెలో మిషన్లో పెడితే వస్తాయి. వారమంతా నీకూ రెజీనాకూ అవే."

"నా బిడ్డకు కూడు పెట్టేదానికి నాకు ముష్టేస్తాండావా?"

"నువ్వు పెడతావని నమ్మకముంటే ఈ కార్డెందుకు?"

గడప దగ్గర నిలబడ్డ పొరుగింటి ఈరక్క కల్పించుకొంది.

"చేతికే ఇచ్చి పోరాదామ్మే! గడ్డ కోపిచ్చుకునేటోళ్ళు తిరిగొచ్చేది రానిది దేవునికెరుక. పొయ్యేటప్పుడు మొగుణ్ణి దొంగను చేసి పోయిందని పేరెందుకు?"

"బయల్దేరేటప్పుడు శానా మంచి మాట చెప్పినావు ఈరక్కా," అంది జీవమ్మ. ఆమె సంచి జిప్పు గట్టిగా లాగింది.

"అంగట్లో చెప్పి పో. బియ్యం వాళ్ళే ఇస్తారు," అన్నాడు దావీదురాజు.

"అంగడోన్ని మాటల్తో పడేస్తావు నువ్వు. బియ్యం పేరు చెప్పి మందుకు చిల్లర తీసుకుంటావు. ఆ మిషను నీ మాట వినదు. అది మన తుమ్మలపల్లెలో లేకపోవడం ఇంగా మేలు. సాయంత్రం గొంతు ఎండిందని వేంపల్లె దాకా పోయి డబ్బు తీసుకోలేవు కదా."

"పోయి తీసి, అంతా తాగితే?"

"తాగు. బిడ్డ పస్తుంటాది. ఆడ మంచం మీద పడుకోని నేనేం చేస్తా?"

రెజీనా అమ్మ కొంగు పట్టుకొని ఇద్దరి ముఖాలూ చూస్తోంది. దావీదురాజు కార్డు జేబులో వేసుకొన్నాడు. సంచి భుజానికెత్తుకొని రోడ్డు వైపు నడిచాడు.

తోడు వస్తున్న తమ్ముడు వసంతకుమార్ అప్పటికే బస్సులో చోటు పట్టాడు. జీవమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"రెజీనా తలకు నూనె పెట్టు."

"ఊ."

"బడికి ఉత్త కడుపుతో పంపొద్దు."

"ఎన్నిసార్లు చెప్తావే? నువ్వు రా. అది చాలు."

ఆ మాట అనేటప్పుడు అతను బస్సు చక్రం వైపు చూస్తున్నాడు. బస్సు కదిలింది. కిటికీలోంచి జీవమ్మ, రోడ్డు పక్కనుంచి అతనూ ఒకరికొకరు కనబడినంతసేపు చూసుకొన్నారు. ఇదే ఆఖరి చూపేమోనని ఇద్దరికీ భయమే.

ఆపరేషన్ అయ్యింది. శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న వసంతకుమార్ ఫోను మోగింది.

"అక్కా, బ్యాంకుకు నా నంబరిచ్చినాం గదా, ఇప్పుడు మెసేజీ వచ్చింది. బావ మిషన్లో డబ్బు తీసినాడు."

జీవమ్మ కళ్ళు మూసుకొంది. "అంతా తీసేసినాడా?"

"రెండొందలే. తక్కినవి అందులోనే ఉండాయి."

"సరిగ్గా చూడు."

"చూసినా అక్కా. మెసేజీ ఆలస్యంగా వచ్చింది గానీ, నువ్వు నిద్రలో ఉన్నప్పుడే ఫోన్ చేసినాడు. బియ్యం, బెల్లం కొన్యాడంట. తాగుడు జతగాడు గాబ్రియేలు మందుకు పిలిచినా పోలేదంట. నీకు చెప్పమన్యాడు."

జీవమ్మ కొంగుతో ముఖం కప్పుకొంది.

"ఏడుస్తాండావా?"

"కుట్లు లాగుతాండాయి, పోరా." కొంగు తీసి మళ్ళీ ఆమే అంది. "ఆ మనిషిని శానా మాటలన్యా. ఇంటికి పోతానే చెప్పల్ల, తప్పు నాదేనని."

గాయం మానింది. ఏప్రిల్‌లో జీవమ్మ తన కాళ్ళ మీద తానే నడిచి ఇల్లు చేరింది.

తిరిగి రానిది దావీదురాజు. రెండువేల ఎనిమిది మార్చి పదిహేను, ఆ శనివారం సాయంత్రమే, బియ్యం సంచితో వేంపల్లె నుంచి వస్తూ దారిలో లారీ కింద పడి చనిపోయాడు.