నలభై ఒకటో స్లైడు

తెర మీద తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి.

ఇంజనీరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కమిటీ మీటింగు మూడున్నరకు. ఇంకా అరగంటే ఉంది.

బడి ముందున్న నాలుగు వరుసల రోడ్డు మీద నడక వంతెన కావాలి. ఇవాళ కమిటీ ఒప్పుకుంటే సరే. లేదంటే ఫైలు మళ్లీ మూడేళ్లకు గానీ పైకి లేవదు.

ఫోను మోగింది. పెద్దసారు.

"డ్రైనేజీ వాళ్ల స్లైడ్లు కలిపావా?"

"కలిపానండీ. మొత్తం నలభై ఒకటయ్యాయి. కమిటీ ఇచ్చింది పది నిమిషాలు."

"గబగబా తిప్పెయ్. ఒక్క సెక్షనుది తీసేసినా అందరూ నా ప్రాణం తీస్తారు."

ఆయన మీద చూపించలేని కోపాన్ని ఫోను మీద చూపించి, దాన్ని బల్ల మీద పడేసింది. అక్షరాల రకం మార్చింది. డబ్బాలు పోయాయి. స్లైడ్లు ఒక్కొక్కటే తిప్పి చూసుకోసాగింది.

"అమ్మా, ఇక్కడికి ఏమీ ఆనట్లేదు."

మీటింగు గదిలో చివరి వరుసలో ఎవరో ముసలాయన. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో తెలియదు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. లేచి కిటికీ తెర లాగి, మళ్లీ కూర్చుని, కళ్లు చికిలించి చూశాడు.

కుర్చీలు సర్దేవాడు కాబోలు అనుకుందామె.

"నీకు ఆనకపోతే కొంపేం మునిగిపోదులే."

"నాకని కాదమ్మా. ఇక్కడ కూర్చోబోయేవాళ్లకి. అంతా చీమల బారులా ఉంది."

ఆమె పళ్లు నూరుతూ తర్వాతి స్లైడు నొక్కింది. ఆ రోడ్డు మీద ఏ ఏడాది ఎందరు పిల్లలు పోయారో చూపే కడ్డీల బొమ్మ అది. నాలుగు, మూడు, ఐదు. చివరి రెండేళ్లూ సున్నాలు. చుట్టూ రంగురంగుల బాణాలు, కింద మూడు పట్టికలు.

ముసలాయన తెర దగ్గరికి వచ్చాడు. ఆ ఐదు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ సున్నాలు ఎందుకొచ్చాయో రాయలేదేం?"

"అడ్డు లే ముందు."

"అది చెప్పకపోతే మిగతా అంతా దండగమ్మా. బాణాలూ గీణాలూ తీసేసి, ఇదొక్కటే పెద్దగా పెట్టండి. పక్కన కారణం..."

"ఏవయ్యా, వారం రోజులు కూర్చుని చేశాను. స్లైడ్లు ఎలా చెయ్యాలో ఇప్పుడు నువ్వు నేర్పుతావా నాకు?"

"కోప్పడకండి. నన్ను ఇక్కడికి పంపింది..."

"ఎవరు పంపితే నాకేంటి. బయటికి నడు."

"నేను మాట్లాడేది ముందు కానిచ్చెయ్యండమ్మా. నాలుగింటికల్లా నేను వెళ్లిపోవాలి."

"నాలుగు దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్లు."

బంట్రోతును కేకేసింది. "ఇలా దారిన పోయేవాళ్లందర్నీ లోపలికి వదిలేస్తే నువ్వు గుమ్మం దగ్గర ఉండి ఏం లాభం?"

ముసలాయన మొహం కందగడ్డ అయింది. చేతిలో కాగితం నలిగింది.

"కోపం నాకూ వస్తుందమ్మా. కానీ మనం పోట్లాడుకుంటే నష్టపోయేది నేనూ కాదు, మీరూ కాదు."

అని వెనుదిరిగాడు. నీలం చొక్కా వీపు మీద పెద్ద నారింజ రంగు గుడ్డముక్క కుట్టి ఉంది. చిరుగుకు అదే రంగు గుడ్డ దొరకలేదు కాబోలు అనుకుందామె. ఎక్కడో చూసినట్టు అనిపించింది గానీ, అప్పటికే కమిటీ వాళ్ల చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

కడ్డీల బొమ్మ వచ్చేసరికి కమిటీ పెద్ద ముందుకు వంగాడు.

"ఆ మూల ఏముందమ్మా? కనబడి చావట్లేదు. చదువు."

చదివింది.

"అంటే రెండేళ్లుగా ఒక్కరూ పోలేదు. మరి వంతెన దేనికి?"

"తర్వాతి స్లైడ్లలో వస్తుందండీ."

తిప్పింది. మట్టి పరీక్ష వచ్చింది. మురుగు కాలువ వచ్చింది. దీపస్తంభాలు వచ్చాయి. జవాబు మాత్రం రాలేదు.

"ఆ సున్నా ఎలా వచ్చిందో నీకు తెలుసా, తెలీదా?"

ఆమె నలభయ్యో స్లైడు కూడా తిప్పింది. పది నిమిషాల గంట కొట్టారు.

"పిల్లల సంగతి అడిగితే మురుక్కాలవ చూపిస్తావా?" కమిటీ పెద్ద ఫైలు విసురుగా మూశాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చి ఆగాడు. "బడి తరఫున ఒకాయన వచ్చి మాట్లాడతాడని హెడ్మిస్ట్రెస్ రాసింది. వచ్చాడా?"

"రాలేదండీ."

"అయితే అవసరం లేదని రాసుకోండి."

గది ఖాళీ అయింది. ఇంజనీరమ్మ మైకు వైర్లు ఊడబెరుకుతోంది. కమిటీని తిట్టింది. పెద్దసారును తిట్టింది. "ఆ బడి వాళ్లకైనా సిగ్గుండక్కర్లేదా? ఒక్క మనిషిని పంపలేకపోయారు" అంది.

కుర్చీలు సర్దుతున్న బంట్రోతు తలెత్తాడు.

"వచ్చాడుగా మేడం. పుస్తకంలో సంతకం కూడా పెట్టాడు, బడి తరఫున అని. మీరేగా పంపించెయ్యమన్నారు."

ఆమె చెయ్యి కీబోర్డు మీద పడింది. ఎవరూ చూడని ఆఖరి స్లైడు తెర మీదికి వచ్చింది.

పిల్లల యూనిఫారాలు ముచ్చటగా ఉన్నాయని, పాత ఫైల్లోంచి తీసి పెట్టిన ఫోటో అది. బడి వదిలాక పిల్లలు వరుసగా రోడ్డు దాటుతున్నారు. ఇన్నాళ్లూ ఆమె వాళ్లనే చూసింది. వాళ్లకు పక్కగా ఆగిపోయిన లారీలను ఇప్పుడు చూసింది.

గోడ గడియారం నాలుగు కొట్టింది.

లారీలకు ఎదురుగా రెండు చేతులూ చాపి ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు. వెనక నుంచి వచ్చే బండ్లకు కూడా దూరం నుంచే కనబడేలా అతని నీలం చొక్కా వీపున నారింజ గుడ్డ కుట్టి ఉంది, దాని మీదుగానే ఆమె పెద్ద అక్షరాలతో 'ధన్యవాదాలు' అని రాసి పెట్టింది.