తురాయి పెట్టిన వంకలు

చెరువు మీదికి వాలిన తుమ్మకొమ్మకు పచ్చన్న అనే కుర్ర గిజిగాడు గూడు అల్లుతున్నాడు. తురాయి అనే పడుచు పిట్ట రోజూ వచ్చి వంకలు పెట్టేది.

"ఇదీ ఒక గూడేనా? ఎండిన బీరకాయలా వేలాడుతోంది!"

"నిన్నెవరు చూడమన్నారు? పో!" అని పచ్చన్న మండిపడేవాడు. ఆమె వెళ్లిపోగానే మాత్రం, ఆమె వంక పెట్టిన చోటే విప్పి మళ్లీ అల్లేవాడు.

ఒకరోజు కాకి వచ్చి గూటిని చూసి పకపకా నవ్వింది. "ఇందులో ఎవరుంటారురా?"

తురాయి రివ్వున వచ్చి కాకి తోక పట్టి లాగింది. "నేనుంటాను! నీకేం?"

కాకి పారిపోయింది. అప్పటికి గానీ తానేమందో తురాయికి తెలియలేదు.

పచ్చన్న ముక్కున ఉన్న గడ్డిపోచ జారి నీళ్లలో పడింది. "నిజంగా ఉంటావా?"

తురాయి తల పక్కకు తిప్పుకుంది.

"ముందు లోపల కాస్త వెడల్పు చెయ్యి. పిల్లలు పట్టొద్దూ?"