వాన వెలిసిన రోజు చేపలు

"నూనె మార్చారా?"

తలెత్తి చూడకుండానే చిజురుకి ఒళ్ళు మండింది. వచ్చాడు మహానుభావుడు!

మధ్యాహ్నం బెంటోల కోసం జనం వరస కట్టే వేళకే సరిగ్గా దిగుతాడు ఈ ముసలాయన. అందరిలా డబ్బా భోజనం పట్టుకుని తన దారిన తాను పోడు. ముందు ముక్కు పైకెత్తి గాలి పీలుస్తాడు.

"పొద్దున్నే మార్చాం తాతగారూ. ఏం కావాలి?"

"మూడు కోడివేపుడు బెంటోలు. ఆ ఫ్యాను కాస్త వీధివైపు తిప్పండమ్మా. వెనక మేడలమీద బట్టలారేస్తారు."

"తిప్పుతాను."

"కాగితం చక్కగా చుట్టండి. ఒకరి చేతికి ఇచ్చేలా ఉండాలి."

"నాలుగొందల యెన్‌ల డబ్బాకి ఇన్ని సోకులా!" అని పొయ్యి దగ్గర పనిచేసే మదొకా గొణిగింది. "ముగ్గురి తిండీ ఒక్కడే తింటాడక్కా. అందుకే సణగడానికి అంత ఓపిక."

చిజురుకి నవ్వు రాలేదు.

ఒసాకా చివరనున్న ఈ పేటకి ఆమె కొత్త. ఉన్నదంతా ఊడ్చి ఈ కొట్టు పెట్టింది. తాళాలిస్తూ ఏజెంటు ఒకే మాట చెప్పాడు: "వాసనొస్తోందని చుట్టుపక్కలవాళ్ళు ఫిర్యాదు చేశారా, ఓనరు ఖాళీ చేయిస్తాడు."

కొట్టు తెరిచే ముందు చిన్న కానుక పట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్ళి, తలవంచి పలకరించి రావడం అక్కడి ఆచారం. హడావిడిలో చిజురు ఆ పని చేయలేదు. తర్వాత వెళ్దామంటే మొహం చెల్లలేదు.

ఇప్పుడు ఈ ముసలాయన వెళ్ళి ఓనరు చెవిలో వేస్తే? ఆ భయంతోనే పళ్ళు బిగబట్టి భరిస్తోంది.

వారమంతా ముసురు పట్టి, ఆ రోజు ఫెళ్ళున ఎండ కాసింది. చేపలు చవగ్గా దొరికాయి. బాణలి నిండా వేయిస్తుంటే వరస వీధి మలుపుదాకా సాగింది.

"ఇవాళ చేపలా!" ముసలాయన మొహం పాలిపోయింది. "వాన వెలిసిన రోజు చేపలు వేయించకూడదమ్మా. వారం బట్టలూ అందరూ ఇవాళే ఆరేస్తారు. పొయ్యి ఆపండి. కోడితో సరిపెట్టండి."

వరసలో ఇద్దరు గడియారం చూసుకుని వెళ్ళిపోయారు. చిజురు చేతిలోని గరిటె టంగుమంటూ బల్లమీద పడింది.

"కొట్టు మీదా, నాదా? వాసన పడకపోతే ముక్కు మూసుకోండి! పోయి ఓనరుకే చెప్పుకోండి! రేపట్నుంచి మాత్రం నా గుమ్మం తొక్కకండి."

ఆయన టోపీ తీసి తలవంచాడు.

"మన్నించండి. ఇవాళ్టికి మాత్రం ఐదు ఇప్పించండి."

"ఐదా?"

"చేపల రోజు కదా."

ఆయన వెళ్ళగానే మదొకా కిసుక్కుమంది. "తిట్లు తిన్నాక ఆకలి పెరిగినట్టుందక్కా!"

మర్నాడు ముసలాయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పీడ విరగడైందనుకుంది చిజురు. ఫ్యాను తనకి గాలి తగిలేలా తిప్పుకుంది.

కొన్నాళ్ళకి, వెనక మేడమీద ఉండే హచియా గారు నల్ల బట్టల్లో కొట్టుకి వచ్చింది.  చివరికి ఫిర్యాదు రానే వచ్చిందనుకుంది చిజురు.

"క్షమించండి, ఫ్యాను ఇప్పుడే తిప్పేస్తాను..."

హచియా గారు రెండు చేతులతో అగరొత్తుల పెట్టె బల్లమీద పెట్టి వంగింది.

"పోయిన వారం నిద్రలోనే పోయారట. నాకు ఇవాళే తెలిసింది. మీ మామయ్యగారి ఫోటో ముందు వెలిగించండి."

"మా మామయ్యా? నాకెవరూ లేరండీ."

"అదేమిటి? రోజూ మీ బెంటోలు పట్టుకుని మా ఇళ్ళకి వచ్చేవారు కదా! 'మా మేనకోడలు కొత్తగా పెట్టింది, పని ఒత్తిడిలో రాలేకపోయింది, వాసన కాస్త ఓర్చుకోండి' అని నడుం వంచి మరీ బతిమాలేవారు. చేపలు వేయించిన రోజైతే ఐదిళ్ళూ తిరిగారు. ఆయన మొహం చూసే మేమెవరం ఫిర్యాదు చేయలేదు."

 ఇన్నాళ్ళూ ఆయన పేరైనా అడగలేదని చిజురుకి అప్పుడు గుర్తొచ్చింది.

"నాకోసం... ఆయనకెందుకండీ ఇదంతా?"

హచియా గారు కళ్ళు దించుకుంది.

"మీకు ముందు ఇక్కడ వేపుళ్ళ కొట్టు నడిపింది ఆయనే. వాసన భరించలేమని మా ఐదిళ్ళవాళ్ళమే సంతకాలు పెట్టి మూయించాం."