ఐదు చుట్ల కొసరు

బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడిన ఏడాది జరిగిందిది.

వరదకి ముందురోజు, శనివారం. పొద్దుటి నుంచీ వాన. పైపుల రోడ్డులో బసవపున్నయ్య మోటారు వైండింగు షాపు ముందు ఒకాయన సైకిలు దిగాడు. యాభై ఐదేళ్లుంటాయి. ఆ వారంలో రావడం అది మూడోసారి.

"అయిందా అండీ?"

"ఏదండీ?"

"అదే, పైపు ముక్క మీద రాగి తీగ. అరవై చుట్లు."

కాలేదు. ముందురోజు బసవపున్నయ్య షాపే తియ్యలేదు. మనిషిని మూడుసార్లు తిప్పినందుకు సిగ్గేసింది.

"మా ఇంటావిడకి వారానికి మూడ్రోజులు డయాలసిస్ అండీ. అక్కడే పొద్దు పోతోంది. కూర్చోండి, ఇప్పుడే చుట్టేస్తా."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

"పొద్దున షిఫ్టా?"

"అవునండీ."

"ఇల్లెక్కడ?"

"ఇక్కడే. మూడో లైను, నీలం మేడ, పై వాటా. ఇంతకీ ఇది ఏం మోటారుకండీ?"

"మోటారుకి కాదు, రేడియోకి. పాటలు వినేది కాదు, మనం మాట పంపేది. సొంతంగా కట్టుకుంటున్నా. లైసెన్సు ఉందిలెండి."

"సెల్‌ఫోను ఉండగా?"

"సెల్లుకి టవరు కావాలి. దీనికి డాబా మీద కట్టిన తీగ, బైకు బ్యాటరీ చాలు."

"ఎంత దూరం పోద్దేంటి?"

"అది తినే కరెంటు సైకిలు డైనమో లైటంత. హనుమాన్ జంక్షన్ దాకా పోతుంది."

"హనుమాన్ జంక్షన్‌కి బస్సుందిగా అండీ."

ఇద్దరూ నవ్వారు.

బసవపున్నయ్య చదివింది మూడో తరగతి. పది చుట్లకో సుద్దగీత గోడ మీద గీసుకుంటూ చుట్టడం అలవాటు. ఆరు గీతలయ్యాయి. పాపం తిప్పాను కదా అని ఇంకో ఐదు చుట్లు కొసరు వేశాడు. రాగి తీగలో కొసరు ఎవరూ వెయ్యరు. చెబితే గొప్ప చెప్పుకున్నట్టుంటుందని చెప్పలేదు. వార్నిష్ పూసి, నూలు దారంతో కట్టి ఇచ్చాడు.

ఆయన పేరు అడగలేదు.

ఆదివారం తెల్లారేసరికి వీధిలో నడుము లోతు నీళ్లు. మధ్యాహ్నానికి కింది వాటా మునిగింది. కరెంటు పోయింది. ఫోన్లు పోయాయి.

సోమవారం ఇంటావిడ మాణిక్యమ్మకి డయాలసిస్ రోజు. అది తప్పింది. సాయంత్రానికి ఆమె ముఖం ఉబ్బింది. మంగళవారం పొద్దున ఊపిరి అందడం లేదు.

బసవపున్నయ్య డాబా ఎక్కి తువ్వాలు ఊపాడు. హెలికాప్టరు అటు నుంచి అటే పోయింది.

"నువ్వు దిగు. జారి పడితే నన్నెవరు చూస్తారు," అంది మాణిక్యమ్మ.

తొమ్మిదింటికి పడవొకటి నీలం మేడ వెతుక్కుంటూ వచ్చింది.

"డయాలసిస్ పేషెంటు ఈ ఇంట్లోనేనా?"

"నీకెవరు చెప్పారు బాబూ?"

"కంట్రోల్ రూం వాళ్లు చెప్పారు పెద్దాయనా. ముందు ఎక్కించు."

మాణిక్యమ్మ బతికింది.

వారం పైన గడిచింది. షాపు నిండా మునిగిన మోటార్లే. బసవపున్నయ్య బురద కడిగి పాత తీగ కోసి తీస్తుంటే గుమ్మంలో ఒకావిడ వచ్చి నిలబడింది.

"నా పేరు ఫిర్దౌస్ అండీ. హనుమాన్ జంక్షన్‌లో టీచర్ని. వైండింగు షాపులన్నీ అడుగుతూ వస్తున్నా. ఇది మీరు చుట్టిందేనా?"

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. అదే పైపు ముక్క. ఒక కొసన తీగ విప్పేసి ఉంది.

"నేనే చుట్టా. బాగున్నారా ఆయన?"

"అలీ గారు పోయారండీ."

బసవపున్నయ్య కటింగ్ ప్లేయరు కింద పెట్టాడు.

"నీళ్లలోనా?"

"కాదు. అదే అర్థం కావట్లేదు. ఈ షాపు వెనక లైనులో డాబా మీద గది. లోపల పొడిగానే ఉంది. బిస్కెట్లున్నాయి, మంచినీళ్లున్నాయి. గురువారం చూశారు."

బసవపున్నయ్య స్టూలు ఆమె వైపు జరిపాడు. ఆమే చెప్పింది.

"నాకూ ఇలాంటి సెట్టుంది. ఆదివారం నుంచీ దాని ముందే కూర్చున్నా. ఏమీ వినపడలేదు. మంగళవారం ఏడింటికి వినపడ్డాడు, టిక్కు టిక్కుమనే కోడ్‌లో. బ్యాటరీ అయిపోతోందన్నాడు. మూడో లైను, నీలం మేడ, పై వాటా, డయాలసిస్, పడవ పంపండి. అంతే. మరి నీకు, అని అడిగా. ముందు ఆమె, అన్నాడు. ఆగిపోయింది."

"ఆయన కోసం ఎవరూ వెళ్లలేదా?"

"లైసెన్సులో మైలవరం అడ్రసుంది. అక్కడికి మనిషిని పంపాం."

"ఆదివారం, సోమవారం ఎందుకు వినపడలేదమ్మా?"

"దీంట్లో చుట్లు ఎక్కువయ్యాయండీ. ఎక్కువైతే మాట మేం వినే చోటికి రాదు, పక్కకి పోతుంది. ఆ రెండ్రోజులూ ఆయన పంపుతూనే ఉండి ఉంటాడు, బ్యాటరీ అలాగే అయిపోయింది. ఐదు చుట్లు విప్పాక అందింది. మీకెన్ని చెప్పాడు?"

"అరవై."

"మరి?"

"కొసరు వేశా."

ఆమె పైపు ముక్క సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం దాకా బసవపున్నయ్య ఇంకో మోటారు చుట్టాడు. ఇంటికెళ్లి అన్నం తిన్నాడు. మాణిక్యమ్మకి ఏమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆటోలో ఆమెను డయాలసిస్‌కి తీసుకెళ్లాడు. బెడ్డు మీద పడుకోబెట్టి, పక్కన నిలబడ్డాడు. నర్సు దీవెన మిషను కడుతూ అంది.

"తాతగారూ, పొద్దున్నే రావడం కష్టమైతే ఇక మధ్యాహ్నం షిఫ్టుకి రండి. ఇదే బెడ్డు. ఖాళీ అయింది."

"ఎవరిదమ్మా?"

"మీ సింగ్‌నగర్ అలీ గారిదే. మామ్మగారు దిగాక నాలుగేళ్లుగా ఆయనే ఎక్కేవారు, వరదొచ్చిన మర్నాడు, సోమవారం నుంచి రాలేదు."